బీఎక్స్ బోర్డు రోజులు

1998 ఆగస్టు 24న ఇంటెల్ ఒకే రోజు దింపిన ప్రాసెసర్లలో రెండిటి సంగతి ఇది. ఒకటి పెంటియం-2, 450 మెగాహెర్ట్జ్, టోకు ధర 669 డాలర్లు. రెండోది సెలెరాన్ 300ఏ, 149 డాలర్లు. మొదటిది కంపెనీలకి, రెండోది ఇంట్లో పిల్లల చదువుకి అన్నట్టు లెక్క. నెల తిరక్కుండానే లెక్క తప్పింది. ఆ 149 డాలర్ల చిప్పుని సరైన బోర్డు మీద పెడితే అదీ 450కి పరిగెడుతుందని లోకమంతా తెలిసిపోయింది. ఆ సరైన బోర్డు ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ (ప్రాసెసర్‌నీ మిగతా భాగాలనీ కలిపే చిప్పులు) ఉన్న మదర్‌బోర్డు.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ కొట్లుండే సీటీసీ భవనం మెట్లెక్కి దిగి కొటేషన్లు పోగేసుకున్న తరానికి ఈ పేర్లు గుర్తుండే ఉంటాయి. ప్రాసెసర్, మదర్‌బోర్డు, 32 ఎంబీ ర్యామ్, 4.3 జీబీ హార్డ్ డిస్కు, ఫ్లాపీ, సీడీ రామ్, డిస్‌ప్లే కార్డు, సౌండ్ కార్డు, క్యాబినెట్, 14 అంగుళాల మానిటర్. ఇంటికొచ్చాక ఆ పెట్టె మొత్తాన్నీ అందరూ సీపీయూ అనేవాళ్లు. కొన్న రోజున అందరి కళ్లూ ప్రాసెసర్ అంకె మీదే. ఏళ్ల తరబడి ఆ పెట్టెని నిలబెట్టింది మాత్రం బోర్డు. ప్రాసెసర్ మారింది, ర్యామ్ మారింది, డిస్కు రెండు మూడు సార్లు మారింది, బోర్డు అలాగే ఉంది.

300ఏ ఎందుకు అంత సాగిందో చెప్పుకోవాలి. దానికి కొన్ని నెలల ముందు వచ్చిన మొదటి సెలెరాన్‌లకి ఎల్2 క్యాష్ (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) అసలు లేదు. 266 అనో 300 అనో అంకె చూసి కొన్నవాళ్లు వర్డ్ తెరవగానే ఉసూరుమన్నారు. 300ఏలో 128 కేబీ క్యాష్‌ని చిప్పులోనే పెట్టారు. ప్రాసెసర్ ఎంత వేగమో క్యాషూ అంతే వేగం. పెంటియం-2కి 512 కేబీ ఉంది గానీ అది కార్ట్రిడ్జ్ లోపల వేరే చిప్పుల్లో, సగం వేగంతో నడిచేది. పెంటియం-2ని సాగదీస్తే తరచూ ముందు చేతులెత్తేసేవి ఆ బయటి చిప్పులే. సెలెరాన్‌కి ఆ బెడదే లేదు.

ఇక లెక్క. ప్రాసెసర్ వేగం అంటే బస్సు (బోర్డు మీద భాగాల మధ్య డేటా నడిచే దారి) వేగాన్ని గుణకంతో హెచ్చవేయడం. 300ఏకి గుణకం 4.5. దానికి ఫ్యాక్టరీలోనే తాళం పడింది, మార్చడానికి లేదు. బస్సు 66 అయితే 300, బస్సుని 100 చేస్తే 450. మధ్యలో 75, 83 కూడా చాలా బోర్డుల్లో ఉండేవి. జాగ్రత్తపరులు "ఒక్కసారే 100కి ఎందుకు, 83తో సరిపెట్టుకుందాం" అనుకునేవాళ్లు. నిజానికి ప్రమాదమంతా అక్కడే ఉంది. పీసీఐ బస్సు (అదనపు కార్డులు గుచ్చే స్లాట్ల దారి) 33 మెగాహెర్ట్జ్ దగ్గర నడవాలి. మెయిన్ బస్సు 66 ఉన్నప్పుడు దాన్ని రెండుతో భాగిస్తారు, 100 ఉన్నప్పుడు మూడుతో. రెండు చోట్లా 33 వస్తుంది. 83 దగ్గర మాత్రం భాగహారం ఇంకా రెండుతోనే, కాబట్టి పీసీఐ 41 దాటిపోతుంది. హార్డ్ డిస్కు కంట్రోలర్ కూడా ఆ బస్సు మీదే ఉంది. ఆట బాగానే ఆడుతుంది, వారం తర్వాత ఫైళ్లు చెడిపోవడం మొదలవుతుంది. అందుకే 83 కంటే 100 క్షేమం. చెబితే అప్పట్లో చాలామంది నమ్మేవాళ్లు కాదు.

100కి ఎలా తీసుకెళ్లాలనేది బోర్డుని బట్టి. ఏబిట్ బీహెచ్6లో అన్నీ బయాస్ (పెట్టె ఆన్ కాగానే బోర్డులోంచి నడిచే ప్రోగ్రాము) తెరమీదే, బస్సు వేగం, ఓల్టేజీ రెండూ. ఆసుస్ పీ2బీలో జంపర్లు. మాన్యువల్ పట్టిక చూసి ఆ చిన్న ప్లాస్టిక్ టోపీలని ఒక జత పిన్నుల మీంచి పీకి ఇంకో జత మీద పెట్టాలి. చేయి జారిందంటే టోపీ వెళ్లి పీసీఐ స్లాట్‌లో పడేది. ఇంటెల్ సొంత బోర్డు ఎస్ఈ440బీఎక్స్ మీద ఏ సెట్టింగూ లేదు, ప్రాసెసర్ ఏం చెబితే అదే వేగం. అక్కడ పనికొచ్చింది సెల్లోటేపు.

సెలెరాన్ స్లాట్-1 కార్డు రూపంలో వచ్చేది. అడుగున ఒక్కో వైపు 121 బంగారు పూత పళ్లు, రెండు వరసల్లో ఒకటి పైకి ఒకటి కిందికి. బీ వైపు 21వ పన్ను బోర్డుకి బస్సు వేగం చెబుతుంది. 66 బస్సు ప్రాసెసర్లు ఆ పన్నుని గ్రౌండ్‌కి కలిపేస్తాయి. దాన్ని కప్పేస్తే బోర్డుకి గ్రౌండ్ కనిపించదు, 100 అనుకుంటుంది. మిల్లీమీటరు వెడల్పు సెల్లోటేపు ముక్క చాలు. కానీ కార్డుని స్లాట్‌లోకి దించేటప్పుడు స్లాట్ ముళ్లు ఆ ముక్కని పైకి నెట్టేస్తాయి, రెండోసారి తీసేటప్పుడు అది లోపలే ఉండిపోతుంది. అనుభవం ఉన్నవాళ్లు సెల్లోటేపు మానేసి గోళ్ల రంగు వాడేవాళ్లు. పళ్లని స్పిరిట్‌తో తుడిచి, అగ్గిపుల్ల చివరతో రెండు పలుచటి పూతలు, మధ్యలో పది నిమిషాలు ఆరబెట్టడం. వద్దనుకుంటే ఎసిటోన్ చుక్కతో పోతుంది. 21 లెక్క తప్పి పక్క పన్ను కప్పితే బోర్డు లేవదు. అంతకన్నా పెద్ద నష్టం ఉండదు, తీసి మళ్లీ లెక్కపెట్టుకోవడమే.

అన్ని చిప్పులూ 450కి వచ్చేవి కావు గానీ చాలా వచ్చేవి. మామూలు ఓల్టేజీ 2.0. మొండికేస్తే 2.1, అదీ చాలకపోతే 2.2. అక్కడితో ఆపాలి. స్థిరంగా ఉందో లేదో తేల్చుకోవడానికి పెద్ద పెద్ద ప్రోగ్రాములు అక్కర్లేదు. వంద ఎంబీ జిప్ ఫైలుని వరసగా నాలుగైదు సార్లు విప్పితే చాలు. ఒక్కసారైనా సీఆర్సీ తప్పు (ఫైలు సరిగ్గా విప్పుకోలేదనే సందేశం) చూపిస్తే లోపల ఎక్కడో బిట్లు తారుమారవుతున్నట్టే. అసలు పరీక్ష మే నెల. జనవరిలో 450 దగ్గర రాయిలా నిలబడ్డ పెట్టె రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడింటికి విండోస్ ఆగిపోయి నీలి తెర చూపించేది. దుమ్ము పట్టిన ఫ్యాను, గోడకి ఆనించిన క్యాబినెట్, టేబుల్ కింద చెక్క అర, ఈ మూడూ కలిస్తే ఎంత ఓల్టేజీ ఇచ్చినా లాభం లేదు. పక్క రేకు విప్పి టేబుల్ ఫ్యాను తిప్పడం మనవాళ్లు కనిపెట్టిన వైద్యం. పనిచేసేది, దుమ్ము మాత్రం రెట్టింపు.

ప్రాసెసర్ గురించి ఇంత చెప్పుకున్నా, మొదట మార్చాల్సింది అది కాదు, ర్యామ్. 300 నుంచి 450కి వెళ్లినా 32 ఎంబీ ర్యామ్‌తో విండోస్ 98 ఈడుస్తూనే ఉంటుంది. పెళ్లి శుభలేఖలు వేసే డీటీపీ షాపుల్లో ఇది బాగా తెలిసేది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు ఉన్నంతవరకూ 32తో బండి నడిచేది. 300 డీపీఐలో ఏ4 కలర్ స్కాన్ ఒక్కటి ఫోటోషాప్‌లో తెరిస్తే కథ మారేది. 2480 పిక్సెళ్లు ఒక వైపు, 3508 ఇంకో వైపు, ఒక్కో పిక్సెల్‌కి మూడు బైట్లు. ఒక్క బొమ్మే దాదాపు 25 ఎంబీ. ఫోటోషాప్‌కి దానికి మూడు నాలుగింతలు కావాలి. మిగిలిందంతా హార్డ్ డిస్కు మీదకి పోతుంది, ఎర్ర లైటు ఆరదు, కంట్రోల్ జెడ్ కొట్టి టీ తాగి రావచ్చు. 128 ఎంబీ వేస్తే అదే యంత్రం, అదే ప్రాసెసర్, కొత్తదిలా కదిలేది.

ర్యామ్ కొనడంలో బీఎక్స్‌కి ఒక మెలిక ఉంది. స్టిక్ మీద ఎన్ని ఎంబీ అన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఎన్ని చిప్పులున్నాయో లెక్కపెట్టాలి. ఈ చిప్‌సెట్ ఒక్కో చిప్పు 128 మెగాబిట్ల వరకే గుర్తిస్తుంది. 256 ఎంబీ స్టిక్ రెండు వైపులా కలిపి 16 చిప్పులతో ఉంటే పూర్తిగా పనిచేస్తుంది. ఒకవైపే 8 చిప్పులున్న 256 స్టిక్ పెడితే 128 అనే చూపిస్తుంది, లేదా అసలు లేవదు. కొట్లో "పనిచేసే స్టిక్కే సార్" అని వేరే బోర్డులో పెట్టి చూపిస్తారు, అక్కడ 256 వస్తుంది. ఎవరూ అబద్ధమాడినట్టు కాదు. 133 బస్సు కోసం చేసిన పీసీ133 స్టిక్ 100 బస్సు మీద నిక్షేపంగా నడుస్తుంది. పీసీ66 రోజుల 10 నానోసెకన్ల పాత స్టిక్‌ని మాత్రం 450 పెట్టెలో ఉంచితే, తప్పు దానిదైతే తిట్లు ప్రాసెసర్‌కి పడేవి.

మూడు స్లాట్లూ నింపి 768 దాకా వెళ్లినవాళ్లకి విండోస్ 98 ఇంకో చిక్కు తెచ్చేది. 512 దాటితే విండోస్ "మెమరీ చాలదు" అంటూ మొదలవడం మానేసేది. ఎక్కువై చాలకపోవడం అన్నమాట. దాని ఫైల్ క్యాష్ ర్యామ్‌ని బట్టి పెరిగిపోయి అడ్రస్‌లని మింగేస్తుంది. విండోస్ సెట్టింగుల ఫైలు సిస్టమ్.ఐఎన్‌ఐలో వీక్యాష్ విభాగం కింద గరిష్ఠ క్యాష్ 524288 కేబీ, లేదా అంతకన్నా తక్కువ రాస్తే సర్దుకుంటుంది.

పెట్టె ఆన్ చేస్తే తెర నల్లగా ఉండి కూత మాత్రం వస్తే వైద్యం అందరికీ తెలిసిందే, పెన్సిల్ రబ్బరు. అవార్డ్ కంపెనీ బయాస్‌లో ఆగకుండా వరసగా కూస్తుంటే ర్యామ్. ఒక పొడుగు కూత, వెనకే రెండో మూడో పొట్టివి వస్తే డిస్‌ప్లే కార్డు. స్టిక్ తీసి పళ్లని రబ్బరుతో ఒకే దిశలో, పై నుంచి అంచు వైపుకి రుద్దాలి. అటూ ఇటూ రుద్దితే పన్ను అంచు లేచిపోతుంది. రబ్బరు పొడిని గుడ్డతో తుడవాలి, నోటితో ఊదితే తేమ పడుతుంది. తిరిగి పెట్టేటప్పుడు స్లాట్ చివర్ల ఉన్న రెండు తెల్ల రెక్కలూ వాటంతటవే మూసుకుని టక్‌మనాలి. వాటిని వేలితో మూస్తే స్టిక్ సగమే దిగినా తెలియదు. అన్నిటికన్నా ముందు గోడ ప్లగ్గు పీకాలి. పాత ఏటీ క్యాబినెట్లలో స్విచ్చు ఆపితే పూర్తిగా ఆగినట్టే. తర్వాత వచ్చిన ఏటీఎక్స్ క్యాబినెట్లలో అలా కాదు, షట్‌డౌన్ అయ్యాక కూడా 5 ఓల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డులో ఉంటుంది. ఆ తేడా తెలియక కాలిపోయిన ర్యామ్‌లకి లెక్కలేదు.

కరెంటు మాట వచ్చింది కాబట్టి, పవర్ సప్లై వెనక ఉండే ఆ ఎర్ర స్విచ్చు గుర్తుందా? 115, 230. వేలితో ఆడుకునే పిల్లల కోసమే పెట్టారేమో అనిపించేది. 115 వైపు జరిపి మన 230లో పెడితే ఒక్క శబ్దం, ఒక మెరుపు, కాలిన వాసన. 115 దగ్గర లోపలి సర్క్యూట్ ఓల్టేజీని రెట్టింపు చేసుకుంటుంది. 230 పీక్ దాదాపు 325, దాన్ని రెట్టింపు చేస్తే 650. లోపలున్న రెండు పెద్ద కెపాసిటర్లు ఒక్కోటీ 200 ఓల్టులవి. ఇక చెప్పేదేముంది. కొత్త సప్లై పెట్టగానే ఆ స్విచ్చు మీద టేపు వేసెయ్యడం మంచి అలవాటు.

ఇంకోటి, క్యాబినెట్‌ని ముట్టుకుంటే చిమచిమలాడటం. చాలామంది షార్ట్ అనుకునేవాళ్లు. సప్లైలో వడపోత కోసం రెండు చిన్న కెపాసిటర్లు లైనుకీ బాడీకీ మధ్య, న్యూట్రల్‌కీ బాడీకీ మధ్య ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కొద్ది కరెంటు భూమిలోకి పోతుంది. మూడో పిన్ను విరగ్గొట్టిన ప్లగ్గు వాడినా, గోడలో ఎర్త్ వైరే లేకపోయినా బాడీ మీద సగం ఓల్టేజీ, అంటే 115 దాకా నిలబడుతుంది. కరెంటు చాలా కొద్దిది, మనిషికి చిమచిమే. కానీ అదే స్థితిలో రెండు యంత్రాలూ ఆన్‌లో ఉండగా ప్రింటర్ కేబుల్ గుచ్చితే తేడా అంతా డేటా పిన్నుల్లోంచి పోతుంది. ప్రింటర్ పోర్టులు పోవడానికి సగం కారణం ఇదే. బోర్డు మార్చినా మళ్లీ పోతుంది, ఎర్తింగ్ వేయిస్తే పోదు.

ఇంటర్నెట్ కోసం మోడెమ్ కొన్నాక మౌస్ స్తంభించిపోవడం ఆ రోజుల్లో మరో వింత. డయల్ చేయగానే బాణం ఉన్నచోటే నిలబడిపోయేది. సీరియల్ మౌస్ కామ్1 (మొదటి సీరియల్ పోర్టు) మీద, దానికి ఐఆర్‌క్యూ (ప్రాసెసర్‌ని పిలిచే గంట) 4. ఐఎస్ఏ (పీసీఐ కన్నా పాత రకం స్లాటు) మోడెమ్ జంపర్లతో కామ్3 మీద ఉంటే దానికీ 4. ఇద్దరికీ ఒకే గంట. మోడెమ్‌ని కామ్2కి మార్చి, బయాస్‌లో బోర్డు సొంత కామ్2ని ఆపేస్తే తీరిపోతుంది. పీఎస్/2 మౌస్ కొంటే ఇంకా తేలిక, అది 12 వాడుకుంటుంది.

హార్డ్ డిస్కు దగ్గర పెట్టె వయసు బయటపడేది. 4.3 జీబీ నుంచి 20కి వెళ్లినప్పుడు గొడవ లేదు. 40 జీబీ పెట్టగానే చాలా బోర్డులు డిస్కుని వెతుకుతూ అక్కడే ఆగిపోయేవి. 1999 మధ్యకి ముందున్న అవార్డ్ బయాస్‌లు చాలావాటికి సిలిండర్ల (డిస్కుని బయాస్ కొలిచే భాగాలు) లెక్క 65,535 దాటితే అర్థం కాదు. దాన్ని జీబీలో చెబితే 33.8. రెండు దారులు. డిస్కు వెనక జంపర్ పెట్టి 32 జీబీకి కుదించుకోవడం ఒకటి. కొత్త బయాస్ రాయడం రెండోది. అది డాస్ ఫ్లాపీ నుంచి ఒక నిమిషం పని, కానీ ఆ నిమిషంలో కరెంటు పోకూడదు. మన ఊళ్లలో కోతల వేళలు తెలుసుకోకుండా బయాస్ రాయడం అప్పట్లో సాహసమే. మధ్యలో పోతే తెర నల్లబడుతుంది, అయినా బోర్డు పూర్తిగా చచ్చినట్టు కాదు. అవార్డ్ బూట్ బ్లాక్ (బయాస్‌లో మొదట నడిచే చిన్న భాగం) మిగిలి ఉంటే ఫ్లాపీని చదవగలదు. చిక్కేమిటంటే దానికి ఐఎస్ఏ డిస్‌ప్లే కార్డు తప్ప ఇంకోటి తెలియదు. పాత ఐఎస్ఏ కార్డు దొరికితే చూస్తూ చేయొచ్చు, దొరక్కపోతే ఆటోఎగ్జెక్ (తనంతట తానే నడిచే) ఫైల్లో బయాస్ రాసే ఆదేశం పెట్టిన ఫ్లాపీ పెట్టి గుడ్డిగా వదిలేయాలి. ఫ్లాపీ లైటు ఆరాక రెండు నిమిషాలు ఆగి రీసెట్.

80 జీబీ పెట్టినవాళ్లని ఎఫ్‌డిస్క్ (డిస్కుని భాగాలు చేసే ప్రోగ్రాము) కూడా భయపెట్టేది. 64 జీబీ దాటితే దాని లెక్క సున్నా నుంచి మళ్లీ మొదలై, 80ని పది పదకొండుగా చూపించేది. డిస్కు వెనక్కి ఇవ్వడానికి కొట్టుకి పరిగెత్తినవాళ్లు ఉన్నారు. మైక్రోసాఫ్ట్ సరిచేసిన ఎఫ్‌డిస్క్ ఇచ్చింది, అది వాడితే సరి. 137 జీబీ మాత్రం ఈ బోర్డుల సొంత బయాస్‌కి గట్టి గోడ. అంతకు మించి కావాలంటే తేలిక దారి పీసీఐ కంట్రోలర్ కార్డు.

ఇన్నీ అయ్యాక ప్రాసెసర్ వంతు. స్లాకెట్ అనే అడాప్టర్ కార్డుతో సాకెట్ 370 ప్రాసెసర్లు స్లాట్-1లో దిగేవి. సెలెరాన్ 566 ఇక్కడ ముద్దుబిడ్డ. గుణకం 8.5, బస్సు 100 చేస్తే 850. ముందు చూడాల్సింది ఓల్టేజీ. 300ఏకి 2.0 చాలు, 566 లాంటి కాపర్‌మైన్ రకం చిప్పులకి 1.5 నుంచి 1.75 మధ్య. తొలి బీఎక్స్ బోర్డుల్లో కొన్నిటి రెగ్యులేటర్ 1.8 కంటే కిందికి దిగదు, అలాంటి బోర్డు అసలు లేవనే లేవదు. బయాస్ కూడా ఆ చిప్పుని గుర్తుపట్టాలి. హీట్‌సింక్ బిగించేటప్పుడు ఇంకో గండం. ఈ ప్రాసెసర్ల సిలికాన్ ముక్క పైకి నగ్నంగా ఉంటుంది, గోరంత నీలి గాజులా. క్లిప్పుని ఒకవైపు ముందు పూర్తిగా నొక్కితే హీట్‌సింక్ వాలి ఆ మూల చిట్లుతుంది. మధ్యకి సమంగా ఆనించి, స్క్రూడ్రైవర్ జారకుండా అట్ట ముక్క అడ్డం పెట్టి నొక్కాలి. పవర్‌లీప్ అడాప్టర్‌తో 1.4 గిగాహెర్ట్జ్ టువాలటిన్ (కాపర్‌మైన్ తర్వాతి రకం) సెలెరాన్ దాకా ఈ బోర్డుని తీసుకెళ్లినవాళ్లు ఉన్నారు. 300 కోసం కొన్న బోర్డు మీద 1400.

ఆ స్థితిలో 256 ఎంబీ ర్యామ్ కూడా ఉంటే విండోస్ ఎక్స్‌పీ హాయిగా నడుస్తుంది. అక్కడో తెలుగు సంగతి ఉంది. విండోస్ 98లో ఒక్కో పత్రిక సైటుకి ఒక్కో ఫాంటు, అను ఫాంట్లలో కొట్టింది ఇంకో పెట్టెలో తెరిస్తే పిచ్చి గీతలు. ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వచ్చాయి, కానీ మామూలుగా పెడితే తెలుగు కనిపించదు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్, అందులో లాంగ్వేజెస్, అక్కడ కాంప్లెక్స్ స్క్రిప్ట్ పక్కన టిక్కు పెట్టాలి. పెట్టగానే అది సీడీ అడుగుతుంది. సీడీ రామ్ లెన్సు అప్పటికే మసకబారి ఉంటుంది కాబట్టి, ముందుగానే సీడీలోని ఐ386 ఫోల్డర్‌ని డిస్కులోకి ఎక్కించుకుని అక్కణ్ణించి చూపించాలి. రీస్టార్ట్ అయ్యాక నోట్‌ప్యాడ్‌లో గౌతమి ఎంచుకుని "స్త్రీ" అని కొట్టి చూడాలి. తకార వత్తు, రకార వత్తు రెండూ సకారానికి అంటుకుని నిలబడితే పని అయినట్టు. విడివిడిగా పొల్లులతో కనిపిస్తే టిక్కు సరిగా పడలేదు, మళ్లీ వెళ్లి చూసుకోవాలి.